ఇరవై నాలుగు ఇళ్లకు నంబర్లు

రాజేశానికి ఎక్కడికి వెళ్లినా ముందు దిక్కులు చూసుకోవడం అలవాటు. వాళ్ల నాయన కోరుట్ల చుట్టుపక్కల పేరున్న సుతారి మేస్త్రి. పొద్దు ఎటు పొడుస్తుందో, వాననీళ్లు ఎటు పోతాయో చూసుకోనిదే పునాదికి గడ్డపార ఎత్తనిచ్చేవాడు కాదు. ఆయన కొడుకు అరబ్బు దేశంలోని జుబైల్ వచ్చి బోర్డుల దుకాణంలో పడ్డా ఆ బుద్ధి పోలేదు. కొత్త గదిలో మంచం వేయాలన్నా ముందు ఉత్తరం ఎటో తేల్చుకునేవాడు. గదిలో వాళ్లు ఎగతాళి చేస్తే, "ఉత్తరం దిక్కు తలపెట్టి మీరే పండుండ్రి, నాకేం" అనేవాడు. చివరికి ఆ అలవాటే అతని కొంప ముంచింది.

తొమ్మిదేళ్ల కింద హెల్పర్ వీసా మీద వచ్చాడు. మొదటి నాలుగేళ్లు ఫ్యాక్టరీల షట్‌డౌన్ పనుల్లో ఇనుప పైపులు మోశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక ఎవరినో పట్టుకుని ఈ దుకాణానికి మారాడు. దుకాణం సొంతదారు, ఇప్పుడు రాజేశానికి వీసా పూచీదారైన కఫీలు, అబూ రాషిద్. నెలకోసారి వచ్చి టీ తాగి వెళ్తాడు. నడిపేదంతా ప్రొద్దుటూరు మనిషి మస్తాన్ వలీ. కంప్యూటర్ ముందు కూర్చుని అరబ్బీ అక్షరాలు పేర్చేది ఆయనే, మిషన్ మీద ఫ్లెక్సులు తీసేది ఆయనే. అతికించడం, ఫ్రేము కట్టడం, నిచ్చెనెక్కి బిగించడం రాజేశం వంతు.

అరబ్బీలో రాజేశానికి అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు. అయినా ఐదేళ్లలో ఒక్క బోర్డూ తలకిందులుగా పెట్టలేదు. కొత్తలో ఒకసారి మాత్రం మూడొందల అరబ్బీ బ్రోచర్లకు మన పుస్తకాలకు కొట్టినట్టే ఎడమ వైపు పిన్నులు కొట్టి, మస్తాన్ వలీ చేత నానా తిట్లూ తిన్నాడు. అరబ్బీ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది మరి. అప్పటి నుంచి కాగితం చేతికి రాగానే కుడి అంచు తడిమి చూసుకోవడం నేర్చుకున్నాడు. ఇక తన చేతిలో తప్పు జరగదని ధీమా కూడా వచ్చేసింది. ధీమా వచ్చినచోటే దెబ్బ తగులుతుందని ఆ అమాయకుడికి ఎవరు చెప్పాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. రాజేశం పెళ్లి పెద్దలు చేశారు, ఇల్లేమో అతని భార్య సరళ కట్టించింది. ఊళ్లో రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా, పైన స్లాబు. రెండేళ్లు ఇటుకల లారీ కోసం రోడ్డు మీద నిలబడిందీ ఆమే, మేస్త్రీలతో గొడవపడిందీ ఆమే. రాజేశం తన ఇంటిని కళ్లతో చూడలేదు. సరళ పంపిన ప్లాను జిరాక్సు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి దిండు కింద దాచుకున్నాడు. శుక్రవారాలు దాన్ని మంచం మీద పరిచి, మూలనున్న ఉత్తరం బాణాన్ని నిజం ఉత్తరానికి తిప్పి పెట్టి, ఇది ఆగ్నేయం, ఇక్కడ పొయ్యి, ఇది తూర్పు దర్వాజ అని వేలితో ఇల్లంతా తిరిగి వచ్చేవాడు. పిచ్చి అనుకుంటే పిచ్చి. దూరాన ఉండి ఇల్లు కట్టుకున్నవాడికి ఆ పిచ్చి కూడా లేకపోతే ఎలా బతుకుతాడు?

రెండు వేల ఆరు మే నెలలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. సోమవారం పొద్దున ఎనిమిదీ నలభైకి. మొగుడూ పెళ్లాల పేర్ల మీద ఈ వేసవికి కుదిరింది అదొక్కటే అని అయ్యగారు గట్టిగా చెప్పాడు. నాలుగేళ్లకు దొరికిన సెలవు కూడా దానికి సరిపోయింది. శనివారం దమ్మాం నుంచి విమానం. వెళ్లి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర పడిన పాస్‌పోర్టు అప్పుడే వచ్చి మస్తాన్ వలీ సొరుగులో కూర్చుంది. అయితే కఫీలు ఒక మాట అన్నాడు. గురువారం విల్లాల పని ఉంది, అది మచ్చ లేకుండా ముగించాక పాస్‌పోర్టు చేతికివ్వమని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. రాజేశం రోజుకు పదిసార్లు ఆ సొరుగు వైపు చూసేవాడు.

విల్లాల పని అంటే ఊరి చివర ఒక కంపెనీ కట్టిన ఇరవై నాలుగు ఇళ్లు. నడుమ చిన్న పార్కు, దాని చుట్టూ నాలుగు వైపులా వైపుకు ఆరు చొప్పున, అచ్చు గుద్దినట్టు ఒకే తీరు. గురువారం మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు తర్వాత కొనేవాళ్లందరికీ తలుపులు తెరిచిపెడతారు. ఎవరైనా రావచ్చు, లోపలంతా తిరగవచ్చు, నచ్చిన ఇంటి నంబరు చెప్పి డేరాలో సంతకం పెట్టవచ్చు. దాన్ని అందరూ ఓపెన్ హౌస్ అనేవారు. దానికోసం వారం రోజులుగా దుకాణంలో నిద్రలేదు. హైవే మలుపు నుంచి దారి చూపే బోర్డులు, గేటుకు స్వాగతం ఫ్లెక్సు, రంగురంగుల జెండాల తోరణాలు, ఆరొందల బ్రోచర్లు, గేటు పక్కన నిలబెట్టే ఎనిమిదడుగుల ప్లాను బోర్డు. అన్నిటికన్నా ముఖ్యం ఇరవై నాలుగు నంబరు పలకలు. నల్ల యాక్రిలిక్ మీద బంగారు రంగు అంకెలు. ఒక్కో అంకె అంచునూ రాజేశం తన చేత్తో రుద్ది నున్నగా చేశాడు.

బుధవారం పొద్దున మస్తాన్ వలీ ప్లాను కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"దీన్నిబట్టి పలకలు కొట్టేయ్ రాజేశం. రంగులోళ్లు కొత్త రంగులేసి గోడల మీది పాత నంబర్లన్నీ కొట్టేసినారంట. నేను బ్రోచర్ల పని సూసుకుంటా."

"ఒక్కని తోటే ఎట్లయితది అన్నా?"

"దిలావర్ బండి తీసుకొని వస్తాడు పో. శనివారం ఇమానం ఎక్కల్లా, వద్దా?"

దిలావర్ దుకాణం పికప్ నడిపే పెషావరీ. సైట్లో దిగగానే రాజేశం ఎప్పటిలాగే దిక్కులు చూసుకున్నాడు. ఆ ఇళ్ల వరుసలు సరిగ్గా దిక్కులకు లేవు, కొంచెం వాలుగా ఉన్నాయి. అయితే ఏం, ఉత్తరానికి దగ్గరగా ఉన్న వైపు ఉత్తరమే. కాగితం మూలన బాణం గుర్తు ఒకటి ఉంది, పక్కన రెండు అరబ్బీ ముక్కలు. ప్లాను మీద బాణం ఉంటే అది ఉత్తరం కాక ఇంకేమిటి? రెండేళ్లుగా తన ఇంటి కాగితం మీద అతను చూస్తున్నది అదే కదా. కాగితాన్ని తిప్పి బాణాన్ని ఉత్తరానికి పెట్టాడు. ఒకటో నంబరు ఎక్కడ పడిందో చూసి, అక్కడి నుంచి వరసగా వెనక సిలికాన్ పూసి, టేపు అంటించి, మట్టం పెట్టి పలకలు అతికించుకుంటూ పోయాడు. పొద్దు వాలేసరికి ఇరవై నాలుగూ అయిపోయాయి. దూరంగా నిలబడి చూసుకుంటే, ఇరవై నాలుగూ ఒకే ఎత్తులో మెరుస్తున్నాయి. శనివారం ఇంక ఎక్కడో లేదనిపించింది.

గురువారం పొద్దున్నే ఒక ముసలి జంట అందరికన్నా ముందు వచ్చారు. ముసలాయన హాయిల్ అనే ఊరి నుంచి వచ్చాడట. కొడుకు జుబైల్ ఫ్యాక్టరీలో ఆపరేటరు, అతని దగ్గరే ఉండిపోదామని ఇల్లు చూస్తున్నారు. ఇళ్ల తలుపులన్నీ బార్లా తీసి తుడుస్తున్నారు గనుక తాళాల గొడవ లేదు. మూలనున్న ఒకటో నంబరు ఇంట్లోకి వెళ్లి చాలాసేపు తిరిగారు. ముసలావిడ వంటింటి కిటికీ తెరిచి పార్కు వైపు చూసింది. ఆయన గడప మీద కూర్చుని చల్లటి నీడలో కాళ్లు చాపుకున్నాడు. లేచేటప్పుడు రాజేశం అతికించిన పలక మీద అరచెయ్యి పెట్టి, "హాదా బైతీ" అన్నాడు. ఇది నా ఇల్లు అని. ఆ మాట వినగానే రాజేశానికి తన ఇంటి తూర్పు దర్వాజ గుర్తొచ్చి కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నపు దొహర్ నమాజు వేళ అయింది. దిలావర్ గేటు దగ్గర చాప పరుచుకుని నమాజు చేసుకున్నాడు. రాజేశం నీడన కూర్చుని తెచ్చుకున్న అన్నం తింటున్నాడు. నమాజు ముగించి లేచిన దిలావర్, పక్కనే రాజేశం పొద్దున నిలబెట్టిన ప్లాను బోర్డును చూశాడు. చూసి, చాపను చూశాడు. మళ్లీ బోర్డును చూశాడు.

"రాజేశం భాయ్, ఏ బోర్డ్ గలత్ లగా హై. కిబ్లా ఉధర్ హై, తుమ్హారా తీర్ ఇధర్ దిఖాతా హై."

బోర్డు తప్పుగా పెట్టావు, కిబ్లా అటుంటే నీ బాణం ఇటు చూపిస్తోంది అని. రాజేశానికి మొదట అర్థం కాలేదు. దిలావర్ బోర్డు దగ్గరికి నడిచి, బాణం పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. అది ఉత్తరం కాదు. మక్కా వైపు చూపించే బాణం. ఇల్లు కొనేవాడికి నమాజు ఎటు తిరిగి చేయాలో తెలియాలి కాబట్టి కంపెనీ వాళ్లు ప్లానులో అదొక్కటే గీయించారు. ఉత్తరం ఎటో వాళ్లలో ఎవడికీ అక్కర్లేదు.

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిబ్లా ఉన్నది పడమటి వైపు. అంటే కాగితాన్ని పావు చుట్టు ఎక్కువ తిప్పాడు. అంటే ఒక్కో వరుస నంబర్లన్నీ పక్క వరుస మీదికి ఎక్కాయి. ఒకటి అని పలక ఉన్నది నిజానికి ఏడో ఇల్లు. అసలు ఒకటో నంబరు అవతలి మూలన, ట్రాన్స్‌ఫార్మర్ గదిని ఆనుకుని ఉంది. ఇరవై నాలుగు ఇళ్లలో ఒక్కటంటే ఒక్కటి సరైన నంబరుతో లేదు.

"ఖతమ్" అన్నాడు రాజేశం. కళ్ల ముందు సొరుగు కనిపించింది, దానిలో పాస్‌పోర్టు కనిపించింది.

అసర్‌కు మూడు గంటలు కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా పట్టుకోక తప్పదు. సిలికాన్ రాత్రంతా ఎండి గట్టిపడింది. కత్తి పెట్టి లేపితే పలక విరుగుతుంది, లాగితే గోడ రంగు ఊడుతుంది. అప్పుడు దిలావర్ బండి సీటు కింద నుంచి గాలపు దారం ఉండ తీశాడు. శుక్రవారాలు సముద్రం ఒడ్డున చేపలు పడతాడు వాడు. ఆ సన్న నైలాన్ దారాన్ని పలక వెనక దోపి, చెరో కొసా పట్టుకుని రంపం కోసినట్టు అటూ ఇటూ లాగితే సిలికాన్ తెగింది. పలక విరగకుండా చేతిలోకి వచ్చింది. వెనక గోడ మీద మాత్రం పలక అంచు దాటి అరచేతి వెడల్పున కొత్త రంగు పెచ్చులూడి వచ్చింది.

ఒకటి తీయడం, మోసుకుపోయి అసలు ఇంటి ముందు పెట్టడం, అక్కడిది తీయడం. ఎండ నెత్తి మీద మంట పెడుతోంది. దారం కోసి దిలావర్ వేళ్లు రక్తాలు కారుతున్నా వాడు దారం వదల్లేదు. గుడ్డ తడిపి చేతికి చుట్టుకోవడం, మళ్లీ లాగడం. ఎనిమిది అయ్యాయి. పన్నెండు అయ్యాయి. పదిహేడో పలక అతికిస్తుండగా మస్తాన్ వలీ బ్రోచర్ల పెట్టెలతో కారులో దిగాడు.

సంగతి వినేసరికి ఆయన ముఖం నల్లబడింది. ఆ కాగితం ఇచ్చింది తనే. ఆ బాణం పక్కన అరబ్బీ ముక్కలు పేర్చింది కూడా తనే. అది కిబ్లా అని ఒక్క మాట చెప్పాలని ఆయనకు తోచలేదు. ఆ మాట చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఏ ముసల్మానుకు మాత్రం తోస్తుంది?

"గమ్మునుండు" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవురికీ సెప్పొద్దు. ఇంకా ఏడే కదా, నమాజు లోపల మార్చేయండి. జనం వచ్చేసరికి అన్నీ సక్కగుంటాయి. ఎవురికి తెలుస్తాది?"

"ఒకాయనకు తెలుస్తది అన్నా. పొద్దున ఒక ముసలాయన వచ్చి ఏడో ఇంటిని ఒకటి అనుకొని సూసి పోయిండు. గా ఇల్లే తీసుకుంటనన్నడు."

"యాడుండాడు?"

రాజేశం డేరా వైపు చూశాడు. విల్లాల కంపెనీ ఇంజనీరు ఖాలిద్ బల్ల వెనక కాగితాలు సర్దుతున్నాడు. ఎదురుగా కుర్చీలో హాయిల్ ముసలాయన కూర్చున్నాడు. జనం రాకముందే సంతకం పెట్టేయాలని ముందుగా వచ్చేశాడు.

మస్తాన్ వలీ కూడా అటే చూశాడు. తర్వాత భుజానికున్న సంచి మీద చెయ్యి వేశాడు.

"సూడు రాజేశం. నీ పాస్‌పోర్టు తెచ్చినా. ఈ సంచిలోనే ఉంది. పనైతానే ఇచ్చేద్దామని తెచ్చినా. ఆ పెద్దాయన సంతకం పెట్టుకోనీ. తాళాలు ఇచ్చేది ఇంకో నెలకు. అప్పుడు సూసుకుంటారు వాళ్లు వాళ్లు. నువ్వు అప్పటికి మీ ఊర్లో ఉంటావు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. కొత్తగా రంగులేసిన ఇల్లు, నెల తర్వాత తాళం తీసి చూసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ హోరు వినిపిస్తుంది. నేను చూసింది ఇది కాదని ముసలాయన అంటాడు. కాగితం మీద ఒకటి అని ఉంది, సంతకం మీదే అని కంపెనీ అంటుంది. ఎవరి పొరపాటో ఎవరికీ తెలియదు. రాజేశం అప్పటికి తన వసారాలో కూర్చుని ఉంటాడు. ఎంత తేలిక. నోరు మూసుకుంటే చాలు.

రాజేశం నోరు మూసుకునే నిలబడ్డాడు. సంచి వైపు చూశాడు. నాలుగేళ్లు. సోమవారం ఎనిమిదీ నలభై. సరళ చీర కొన్నదట, ఎరుపు మీద పసుపు అంచు అని ఫోన్లో చెప్పింది. అదే సమయంలో పొద్దున పలక మీద అరచెయ్యి పెట్టిన ముసలాయన చెయ్యి కూడా గుర్తొచ్చింది. ఆయన నమ్మింది కంపెనీని కాదు, రాజేశం అతికించిన అంకెను.

డేరాలో ఖాలిద్ కలం తీసి ముసలాయన చేతికిచ్చాడు.

రాజేశం నడిచాడో పరిగెత్తాడో అతనికే తెలియదు. వెనక నుంచి మస్తాన్ వలీ "రాజేశం" అని ఒకసారి పిలిచాడు. డేరాలోకి దూరి, సిలికాన్ అంటిన చెయ్యి బల్ల మీది కాగితం మీద పెట్టేశాడు.

"ఇస్బిర్ యా అమ్మీ." ఆగు పెద్దయ్యా అని. "అనా ఘల్తాన్." తప్పు నాది.

ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పడానికి అతని దగ్గర ఉన్న అరబ్బీ చాలలేదు. ముసలాయన చొక్కా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, పార్కు వైపు మూలను చూపించి ఏడు అన్నాడు. అవతలి మూలను చూపించి ఒకటి అన్నాడు. తన గుండె మీద కొట్టుకుని మళ్లీ ఘల్తాన్ అన్నాడు. వెనకే వచ్చిన ఖాలిద్ ఊడిన రంగులను చూశాడు, గోడకు ఆనించి ఉన్న పలకలను చూశాడు. ముఖం ఎర్రబడిపోయింది. ఇది ఎవరి పని, ఈ దుకాణం నడిపే ముదీర్ ఎవడు అని అరిచాడు.

మస్తాన్ వలీ బ్రోచర్లు లెక్కపెడుతున్నాడు. ఎప్పుడో లెక్కపెట్టేసిన బ్రోచర్లు. తల ఎత్తలేదు. మనిషి చెడ్డవాడని కాదు. ఇంట్లో వాళ్లను తెచ్చుకోవడానికి ఫ్యామిలీ వీసా కాగితాలు అబూ రాషిద్ దగ్గర పెట్టి ఉన్నాడు. అయినా ఆ క్షణాన ఆయన అలా కూర్చోవడం ఎంత అన్యాయమో, చూసిన దిలావర్ ఆ తర్వాత కూడా చెబుతూనే ఉండేవాడు.

ముసలాయన అసలు ఒకటో నంబరు ఇంటిదాకా నడిచి వెళ్లాడు. ట్రాన్స్‌ఫార్మర్ గది పక్కన ఒక నిమిషం నిలబడ్డాడు. తిరిగి వచ్చి, కాగితం మీద ఒకటిని కొట్టేయించి ఏడు రాయించి, సంతకం పెట్టి, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. రాజేశం వైపు చూశాడు గానీ పలకరించలేదు. కంపెనీకి బేరం పోలేదు. మిగిలిన ఏడు పలకలూ అసర్ అజాన్‌కు ముందే అతికాయి, ప్లాను బోర్డునూ తిప్పి నిలబెట్టారు. జెండాలు ఎగురుతున్నాయి, జనం వచ్చారు, బ్రోచర్లు పంచారు, అంతా సవ్యంగా జరిగింది. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు, ఒక్క రాజేశానికి తప్ప.

ఖాలిద్ అక్కడి నుంచే అబూ రాషిద్‌కు ఫోన్ చేశాడు. ఆయన తీర్పు మస్తాన్ వలీ నోటిమీదుగా రాజేశానికి చేరింది. ఊడిన రంగులన్నీ మళ్లీ వేయాలి. వేసేది ఊడబెరికినవాడే. అది ఖాలిద్ చూసి సరే అన్నాకే పాస్‌పోర్టు. ఖాలిద్ శుక్రవారం పొద్దున్నే రియాద్ వెళ్తున్నాడు. సోమవారం గానీ రాడు.

శుక్రవారం పొద్దున రాజేశం సరళకు ఫోన్ చేశాడు.

"వస్తలేనే."

అవతల చుట్టాల మాటలు, పిల్లల గోల వినిపించాయి. తర్వాత అవి కూడా దూరమయ్యాయి, ఆమె పక్కకు నడిచినట్టుంది.

"ఎందుకు?"

"ఇక్కడొక పని..."

"పని" అంది సరళ. పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. శనివారం విమానం వేళ దాటిపోయింది. రాజేశం ఆ పూట ఇంటి ప్లాను బయటికి తీయలేదు. ఆ బాణాన్ని చూడాలంటేనే ఒళ్లు మండింది.

ఆదివారం రంగులు వేస్తుంటే మస్తాన్ వలీ వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. చాలాసేపు రంగు డబ్బా వైపే చూశాడు.

"నాదీ తప్పుంది లే రాజేశం. ఆ పొద్దు నోరు రాలే."

రాజేశం కుంచె ఆపలేదు. మస్తాన్ వలీ తన ఫోను తీసి మెట్టు మీద పెట్టాడు.

"దీంట్లో కార్డు నిండుగా ఉంది. ఎంతసేపైనా మాట్లాడుకో. నాకు రేపు సాయంత్రం ఇయ్యి."

సోమవారం ఉదయం ఆరు గంటలకు, అంటే ఊళ్లో ఎనిమిదిన్నరకు, రాజేశం విల్లాల దగ్గరే ఉన్నాడు. ఒకటో నంబరు ఇంటి దగ్గర ఆఖరి గోడ మిగిలింది. మస్తాన్ ఫోనుతో చేస్తే కొత్త నంబరు కదా, సరళ ఎత్తింది. అతని గొంతు గుర్తుపట్టినా పెట్టేయలేదు.

"ఏం జేసినవ్ నువ్వు? తాగి కొట్లాడినవా? అందరు నన్నే అడుగుతున్నరు. ఏం జెప్పాలె నేను?"

రాజేశం చెప్పాడు. బాణం సంగతి, గాలపు దారం సంగతి, సంచిలోని పాస్‌పోర్టు, ముసలాయన అరచెయ్యి. చెప్పడం అయిపోయాక అవతల మంత్రాలు తప్ప ఏమీ వినిపించలేదు. ఆమె మళ్లీ పెట్టేస్తుందేమోనని అతను ఫోన్ని చెవికి అదిమి పట్టుకున్నాడు.

"సంచిలనే ఉండెనా పాసుపోర్టు?" అంది సరళ.

"సంచిలనే ఉండె."

"తీసుకొని రాకపోతివి మరి."

సరళ ముక్కు చీదిన చప్పుడైంది.

"ఒకని ఇంటికి ఇంకొకని నంబరు కొట్టి వస్తే, నిన్ను నేను ఈ గడప తొక్కనిత్తునా?" అంది. "నీ తువ్వాల నా కొంగుకు ముడేసుకున్న. అయ్యగారు అట్లనే చేయమన్నడు. ఫోను పెట్టకు. కుడికాలు పెడుతున్న, ఇను."

కొబ్బరికాయ పగిలింది. గంట మోగింది. ఎవరో ఆడవాళ్లు ఏదో అన్నారు. ఇక్కడ ఒకటో నంబరు ఇంటి గడప ముందు, ఒక చేతిలో కుంచె, ఒక చేతిలో ఫోను పట్టుకుని రాజేశం తనకు తెలియకుండానే కుడికాలు ఎత్తాడు. ఎత్తినవాడు గోడ మీది పలక వైపు చూశాడు. తన చేతితో నున్నగా రుద్దిన అంకె. ఎవరిదో ఇల్లు.

కాలు వెనక్కి తీసి నేల మీద పెట్టి, కళ్లు తుడుచుకుని, "ఇంటున్ననే, లోపలికి నడువు" అన్నాడు.